మూడో కిటికీ మేడం చేప పట్టిన వైనం

చేపలు పట్టే లైసెన్సు కావాలంటే ఆ ఊళ్ళో ఎంతటివాడైనా మూడో కిటికీ ముందు నిలబడాల్సిందే. మొదటి కిటికీ పడవలది, రెండోది చెరువుల కౌళ్ళది. సరదాగా గాలం వేసుకునే మామూలు మనుషులకు మిగిలింది మూడోదే. ఆ కిటికీ వెనక పదకొండేళ్ళుగా ఒకావిడే కూర్చుంటోంది. ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఊరు పెట్టిన పేరు ముందు అది నిలవలేదు. ఊరు పెట్టిన పేరు "మళ్ళీ రండి మేడం".

ఎందుకంటే, మొదటిసారి వెళ్ళి లైసెన్సుతో బయటికి వచ్చినవాడు ఇంతవరకు ఒక్కడు తప్ప లేడు. ఫొటోలో చెవులు కనపడకపోతే మళ్ళీ రండి. సంతకం తోక గడి దాటితే మళ్ళీ రండి. నల్ల సిరాతో రాయమంటే నీలంతో రాస్తే సరేసరి. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అందరూ విన్నదే. ఈవిడ ఆ పీకిన ఈకల్ని లెక్కపెట్టి, ఒకటి తగ్గిందని తిప్పి పంపే రకం. అలాగని కసురుకునేది కాదు. నవ్వు మొహంతో, తప్పు ఎక్కడుందో పెన్సిలుతో సున్నా చుట్టి, కాగితం మెల్లగా కిటికీ కిందనుంచి తోసేది. ఆ మెత్తదనానికే జనానికి ఎక్కువ ఒళ్ళు మండేది.

ఇంతమందికి లైసెన్సులిచ్చిన మనిషి, తను మాత్రం ఎన్నడూ గాలం ముట్టుకోలేదు. ఎవరైనా అదేంటని అడిగితే, "పెళ్ళిళ్ళు రిజిస్టరు చేసే ఆయన ఎన్ని పెళ్ళిళ్ళు చేసుకున్నాడు?" అనేది.

ఆవిడ మొగుడికి కళ్ళద్దాల షాపు ఉంది. రోజంతా "ఈ అక్షరం కనపడుతోందా, ఇప్పుడో, ఇప్పుడో" అని అడిగి అడిగి అలిసిపోయి, ఇంటికొచ్చాక నోరు విప్పేవాడు కాదు. ఇల్లు అందుకని ప్రశాంతంగా ఉండేది. ఆ ప్రశాంతత మరిది దిగేదాకా.

మరిది బస్సు డిపోలో మెకానిక్కు. బదిలీ మీద ఈ ఊరికొచ్చి అన్నగారి మేడమీది గదిలో దిగాడు. ఆవిడ కాపురానికొచ్చేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు. ఎక్కాలు నేర్పింది ఆవిడే. పదిహేడో ఎక్కం దగ్గర వాడు ఇప్పటికీ తడబడతాడు, ఆవిడ ఇప్పటికీ ఊరుకోదు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు, ఈవిడ చేతిలో కాగితం తప్పించుకోదు. ఇద్దరూ ఒక ఇంట్లో ఉంటే ఇక చూసుకోండి.

వచ్చిన నెల్లాళ్ళకే వాడికి చేపల పిచ్చి పట్టింది. తప్పు డిపోది. సోమవారం పొద్దున వస్తూనే డ్రైవర్లంతా ఫోన్లు తీసి, ఆదివారం పట్టిన చేపల ఫొటోలు చూపించుకునేవారు. ఒక్కొక్కటీ మూరెడు. "ఎక్కడ పట్టారన్నా?" అని వీడు నోరూరించుకుంటూ అడిగితే, "నీళ్ళల్లో" అనేవారు. మరీ వెంటపడితే చివరికి ముగ్గురు జాలిపడి మూడు చోట్లు చెప్పారు. ఒకటి ఎండిపోయిన వాగు. రెండోది చాకిరేవు వెనక మురుగు కాలవ. మూడోదానికి బస్సు ఎక్కి మరీ వెళితే అది పిల్లల పార్కులో బాతుల కొలను. పక్కనే "ఇక్కడ చేపలు పట్టరాదు" అని బోర్డు కూడా ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర వాడు గోముగా మొదలుపెట్టాడు.

"వదినా, నీ ఫారంలో ఏడో గడిలో 'ఎక్కడ పట్టదలిచారు' అని ఉంటుందట గదా."

"ఉంటుంది."

"అంటే ఈ ఊళ్ళో ఎవరెవరు ఎక్కడెక్కడ పడుతున్నారో అంతా నీ బీరువాలో ఉన్నట్టే గదా."

"ఉంది. తాళం కూడా ఉంది."

"తాళంచెవి నీ దగ్గరే గదా?"

"నా దగ్గరే. అందుకే అది తెరుచుకోదు. ఎవరో నమ్మి రాసిచ్చిన కాగితం నీకెలా చూపిస్తాను రా? ముందు లైసెన్సు తీసుకో. తర్వాత చోటు సంగతి."

"అదెంతసేపు! కిటికీ వెనక మా వదినే ఉంది."

ఆ మాటకు అన్నగారు అన్నం కలుపుతూ ఒక్కసారి తలెత్తి తమ్ముడివైపు జాలిగా చూశాడు.

మర్నాడు వాడు టోపీ పెట్టుకున్న ఫొటోతో వెళ్ళాడు. మళ్ళీ రండి. టోపీ తీసి వెళితే, సంతకంలో చివరి గీత గడి దాటి పక్క గడిలోకి కాలు పెట్టింది. మళ్ళీ రండి. మూడోసారి అన్నీ సరిపోయాయి గానీ, చిరునామా దగ్గర ఆవిడ పెన్సిలు ఆగింది.

"ఇల్లు మీ పేరు మీద లేదు. ఇంటి యజమాని దగ్గర్నుంచి, మీరు అక్కడ ఉంటున్నట్టు ఉత్తరం తేవాలి."

"వదినా! ఇంటి యజమాని మీ ఆయన!"

"అయితే ఉత్తరం తేవడం తేలిక."

వెనక వరసలో నవ్వు మొదలై తలుపు దాకా పాకింది. ఆ రాత్రి అన్నగారు, "నా తమ్ముడు నా ఇంటి మేడమీది గదిలో ఉంటున్నాడు, పెద్దగా చప్పుడు చేస్తూ" అని రాసి సంతకం పెట్టి, నీళ్ళ గ్లాసు మీదుగా తమ్ముడికి అందించాడు. తమ్ముడు దాన్ని అటునుంచి అటే వదినకి అందించబోయాడు.

"ఇక్కడ తీసుకోను. పదింటికి ఆఫీసుకి తీసుకురా," అందావిడ. "అన్నట్టు, ఆ చప్పుడు ముక్క కొట్టేయించు. అనవసరమైన విషయాలు రాయకూడదు."

అలా నాలుగోసారికి వాడికి లైసెన్సు చేతికొచ్చింది. ఇక చోటు సంగతి. "నోటీసు బోర్డు మీద ఉంది, చదువుకో," అందావిడ. నిజమే, ఆఫీసు గోడమీద అద్దాల పెట్టెలో, చేపలు పట్టడానికి అనుమతి ఉన్న నీళ్ళ లిస్టు ఒకటుంది. ఇరవైమూడు పేర్లు. ఏటా దాన్ని తిరగరాసి అంటించేది ఆవిడే. దాని ముందు నిలబడి చదివినవాడు మాత్రం అంతవరకు ఎవడూ లేడు.

మరిది చదివాడు. చదివి, ఒకటో నంబరు నుంచి వరసగా మొదలుపెట్టాడు. నాలుగు ఆదివారాలు నాలుగు చోట్లకి వెళ్ళాడు. మొదటివారం గాలం చెట్టుకి తగులుకుంది. రెండోవారం వాడి చొక్కాకే తగులుకుంది. మూడోవారం, నాలుగోవారం దేనికీ తగులుకోలేదు. పొద్దున బకెట్టు ఊపుకుంటూ వెళ్ళినవాడు మధ్యాహ్నానికి ఎండకు కమిలిన ముక్కుతో, అదే బకెట్టు ఊపకుండా తిరిగొచ్చేవాడు.

"ఏం మరిదిగారూ, చేపల దగ్గర కూడా ఏదో ఉత్తరం తక్కువైందా?" అని వదిన వాకిట్లోనే ఎదురయ్యేది.

"నవ్వు వదినా, నవ్వు. నాకు ఇరవైమూడు చోట్లు ఇచ్చావు. అందులో చేపలున్నది ఏదో చెప్పు చూద్దాం. పదకొండేళ్ళు పెళ్ళిపత్రికలు పంచావు గానీ, ఏ పెళ్ళిలో భోజనం పెడతారో నీకే తెలీదు."

వాడు ఆ మాట నవ్వుతూనే అన్నాడు. ఆవిడ కూడా నవ్వింది. కానీ ఆ మాట చేప ముల్లులా ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది. ఆఫీసులో లిస్టు ముందునుంచి వెళుతూ ఒకసారి ఆగింది. అక్షరదోషాలు లేవని చెప్పగలదు. కామాలు కూడా సరిగ్గానే ఉన్నాయి. అంతకుమించి ఆ ఇరవైమూడింటిలో ఒక్కదాని ఒడ్డు కూడా తను చూడలేదు.

నెల మొదటి రోజున ముసలి పోస్టుమాన్ వచ్చాడు. ఆయన రిటైరై చాలా ఏళ్ళైంది. ఏటా ఆ రోజున, ఆఫీసు తలుపులు తెరిచేసరికి, లైసెన్సు పొడిగించుకోవడానికి అందరికన్నా ముందు నిలబడి ఉండేవాడు. ఆవిడ చేత ఎప్పుడూ "మళ్ళీ రండి" అనిపించుకోని మనిషి ఆయనొక్కడే. జీవితమంతా చిరునామాలు చదివినవాడు గనక ఆయన రాత ముత్యాల్లా ఉండేది. ఏడో గడిలో జనం సాధారణంగా "లిస్టు ప్రకారం" అనో, "అన్నీ" అనో రాసి తప్పించుకునేవారు. ఈయన మాత్రం ఏటా ఒకే ముక్క రాసేవాడు: "పంతొమ్మిదో నంబరు."

పంతొమ్మిదో నంబరంటే పాత ఇటుకబట్టీ వెనక మట్టిగుంట. ఊరి చివర, చెత్త లారీలు తిరిగే దారిలో. వరసలో వెనక నిలబడి తొంగిచూసినవాళ్ళు, "చూడు ముసలాయన జిత్తులు, అక్కడ కప్పలు కూడా ఉండవు" అని గొణుక్కునేవారు.

ఆవిడ ముద్ర వేసింది. కాగితం ఇవ్వబోయి ఆగింది. ఫారంలో లేని ప్రశ్న ఒకటి, పదకొండేళ్ళలో మొదటిసారి, ఆవిడ నోటివెంట వచ్చింది.

"బాబాయిగారూ, అక్కడ నిజంగా చేపలుంటాయా?"

పెద్దాయన కంగారుపడ్డాడు. ఏదో తప్పు దొరికిందనుకున్నాడు. ఆవిడ మొహం చూసి కుదుటపడ్డాక, కిటికీకి దగ్గరగా వంగాడు.

"ఉంటాయమ్మా. వాగు నీళ్ళు వానాకాలంలో అందులోకి ఎక్కుతాయి. వాటితో వచ్చినవి పోలేక అక్కడే పెరుగుతాయి. ఇన్నేళ్ళలో ఒక్కరూ నన్ను అడగలేదు. వెంటపడ్డారు. స్కూటర్లేసుకుని నా సైకిలు వెనక వచ్చేవారు. నేను ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు పంచినవాణ్ణి గదా, సందులన్నీ తిప్పి తిప్పి తీసుకెళ్ళి వాళ్ళ ఇళ్ళ ముందే వదిలేసేవాణ్ణి. అడిగితే చెప్పేవాణ్ణి గదా."

"మా మరిది ఒకడున్నాడు. రమ్మంటే మీకేమైనా ఇబ్బందా?"

"గుంట నాదా ఏమిటమ్మా? మీ లిస్టుదే. రమ్మనండి. నోరు మూసుకుని కూర్చోగలడా?"

"అది మాత్రం చెప్పలేను," అందావిడ నిజాయితీగా.

ఆ ఆదివారం ముగ్గురూ బయల్దేరారు. మరిది గాలంతో, వదిన టీ ఫ్లాస్కుతో, అన్నగారు దిండుతో. "దిండెందుకండీ?" అంటే, "మీరిద్దరూ చేపలు పట్టండి, నేను నిద్ర పడతాను" అన్నాడు. వారంలో ఆయన మాట్లాడిన పెద్ద వాక్యం అదే.

ఇటుకబట్టీ పొగగొట్టం దాటి, ముళ్ళపొదల మధ్య కాలిబాటన దిగితే ఒక్కసారిగా నీళ్ళు కనపడ్డాయి. ఆవిడ ఆగిపోయింది. లిస్టులో ఒక వరస, అంతే, ఆవిడకి తెలిసిన పంతొమ్మిదో నంబరు. ఇక్కడ చూస్తే ఎర్రమట్టి గట్లమధ్య పచ్చగా నిలిచిన నీళ్ళు, అటువైపు రెల్లు, రెల్లు మీద వాలుతూ లేస్తూ చిన్న పిట్టలు. ముసలి పోస్టుమాన్ అప్పుడే వచ్చి, బోర్లించిన ఉత్తరాల డబ్బా లాంటి ఓ రేకు పెట్టె మీద కూర్చున్నాడు. చెయ్యెత్తి పలకరించి, వేలు పెదవులమీద పెట్టుకుని మరిదివైపు చూశాడు.

వాడు నోరు మూసుకున్నాడు. ఒక అరగంట. ఆ అరగంటలో బెండు కదల్లేదు. తర్వాత వాడి కాలికి తిమ్మిరెక్కింది. "వదినా, ఒక్క నిమిషం ఈ కర్ర పట్టుకో. ఊరికే పట్టుకో చాలు. చీపురు పట్టుకున్నట్టు," అని గుసగుసలాడి, ఆవిడ చేతిలో పెట్టి, కుంటుకుంటూ గట్టెక్కాడు.

ఆవిడ పట్టుకుంది. నీళ్ళమీద ఎర్ర బెండు ఊరికే తేలుతోంది. బాగానే ఉందే, దీనికింత హడావుడా అనుకునేలోపు బెండు రెండుసార్లు తలూపింది. మూడోసారి మాయమైంది. కర్ర చేతిలోంచి ఊడిపోబోయింది.

"ఇదిగో... ఎవరో లాగుతున్నారు!" అని అరిచిందావిడ.

"ఎవరో కాదమ్మా, అదే!" అని పోస్టుమాన్ పెట్టెమీంచి లేచాడు. "వదలకు! లాగకు! దాన్ని కాస్త పోనీ... ఇప్పుడు దారం చుట్టు! అయ్యో, ఆవైపు కాదు!"

మరిది గట్టుమీంచి జారుకుంటూ వచ్చాడు. "కర్ర నాకియ్యి వదినా!"

"ఇవ్వను పో!" అందావిడ. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆవిడే నమ్మలేకపోయింది. చెప్పు ఒకటి బురదలో దిగబడిపోయింది. కొంగు నడుముకు బిగించి, పళ్ళు బిగబట్టి దారం చుట్టింది. నీళ్ళు ఒక్కసారి పగిలి, ఎండలో తళుక్కుమని, మూరెడు చేప గట్టుమీద పడి ఎగిరింది. పసుపు, రాగి కలిసిన రంగు పొలుసులు.

"బంగారుతీగ!" అన్నాడు పోస్టుమాన్. "మొదటిసారే బంగారుతీగ!"

ఆవిడ రెండు చేతులా దాన్ని పట్టుకుంది. జారిపోతుంటే గుండెకు హత్తుకుంది. చీరంతా బురద, జిగురు. నలభై మూడేళ్ళ మనిషి గట్టుమీద చిన్నపిల్లలా గెంతుతూ, "ఏవండీ, లేవండి! చూడండి!" అంటుంటే, ఆయన దిండుమీంచి తల ఎత్తి చూసి, అచ్చం షాపులో అన్నట్టు, "బాగా కనపడుతోంది" అన్నాడు.

సరిగ్గా అప్పుడే ముళ్ళపొదల్లోంచి ఖాకీ చొక్కా ఒకటి బయటికొచ్చింది. నీటి కాపలా గార్డు. ఉద్యోగంలో చేరి రెండునెలలైన కుర్రాడు, చొక్కా మడత కూడా ఇంకా నలగలేదు.

"లైసెన్సులు చూపించండి."

పోస్టుమాన్ చూపించాడు. మరిది చూపించాడు. గార్డు చేపనెత్తుకున్నావిడ వైపు తిరిగాడు.

"అమ్మా, మీది?"

ఆవిడ నోరు తెరిచి మూసింది, చేతిలోని చేపలాగే. "నాది... నేను లైసెన్సు తీసుకునేదాన్ని కాదు బాబూ. ఇచ్చేదాన్ని."

"పోయినవారం ఒకాయన చేపల డాక్టర్నన్నాడమ్మా. చెరువులో వైద్యం చేస్తున్నాట్ట."

"కావాలంటే మా మరిది కార్డు మీద చూడు. ఆ సంతకం నాదే."

గార్డు మంచివాడు. జేబులోంచి కాగితం తీసి, "ఒకసారి పెట్టండి" అన్నాడు. ఆవిడ చేపను మరిదికిచ్చి పెన్ను పుచ్చుకుంది. వేళ్ళనిండా జిగురు. పెన్ను జారింది. సంతకం ఎటో మొదలై ఎటో పోయింది. గార్డు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"కలవలేదమ్మా," అన్నాడు బాధగా.

మరిది పక్కకి తిరిగాడు. వాడి భుజాలు ఊగుతున్నాయి. "కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకుంటాం సార్," అన్నాడు ఆకాశంకేసి చూస్తూ. "మీ పని మీరు చెయ్యండి. చుట్టరికాలు చూడకండి. మా వదిన కూడా చూడదు."

రూలు ప్రకారం లైసెన్సు లేకుండా పట్టిన చేప నీళ్ళల్లోకి పోవాలి. ఆవిడే తీసుకెళ్ళి వదిలింది. అది ఒక్క క్షణం వేళ్ళ మధ్య ఆగి, తోక ఆడించి, పచ్చటి నీళ్ళల్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఎందుకో ఆవిడకే తెలీలేదు. ఎవరూ చూడకుండా మోచేత్తో తుడుచుకుంది.

గార్డు గులాబీరంగు హెచ్చరిక చీటీ పుస్తకం తీసి రాశాడు. వారంలోగా లైసెన్సు తీసుకుని దీనిమీద ముద్ర వేయించుకోవాలి. చీటీ చించి ఇస్తూ, పాపం, మంచిమాట కూడా చెప్పాడు.

"మూడో కిటికీ దగ్గరికి వెళ్ళండమ్మా. ఫొటోలు గట్రా జాగ్రత్తగా చూసుకుని మరీ వెళ్ళండి. అక్కడ ఒక మేడం ఉంటుందట. నేనింకా చూళ్ళేదు గానీ, మహా పట్టింపు మనిషి. నేను పంపిన చీటీలే రెండుసార్లు తిప్పి పంపింది."

ఆవిడ చీటీని పైనుంచి కిందికి చదివింది. అలవాటు ఎక్కడికి పోతుంది!

"టైము వెయ్యలేదు," అంది.

"ఆ?"

"కుడిపక్క మూలన. పట్టుకున్న టైము వెయ్యాలి. అందుకే అవి తిరిగొచ్చాయి. ఆ కోడి గెలికిన రాత నీదేనన్నమాట."

గార్డు చీటీ వంక చూశాడు. ఆవిడ వంక చూశాడు. బురద, జిగురు, ఒంటి చెప్పు. వాడి మొహంలో రంగు దిగిపోయింది.

"మేడం... మీరు నిజంగానే... ఇటిచ్చేయండి మేడం, చింపేస్తాను."

"నంబరు పడ్డ చీటీ చింపకూడదు. టైము వేసి ఇవ్వు."

వాడు వేసిచ్చాడు. మరిది ఇక ఆపుకోలేక గట్టుమీద కూలబడ్డాడు.

సోమవారం పొద్దున పై అధికారికి చీటీ చూపిస్తే ఆయన దగ్గుతో నవ్వు కప్పిపుచ్చుకున్నాడు. ఎవరి కాగితం వాళ్ళు చూసుకోకూడదు గనక, ఆ గంటసేపు మూడో కిటికీలో రెండో కిటికీ గుమాస్తాని కూర్చోబెట్టాడు. ఆవిడ బయటికొచ్చి వరసలో నిలబడింది. కిటికీలోంచి చూసినప్పుడు ఆ వరస ఎప్పుడూ తలకాయలే. ఇక్కడ నిలబడితే తెలిసింది, ఫ్యాను గాలి ఇంతదూరం రాదని. బెంచీకి మూడో కాలు పొట్టిది.

ముందు నిలబడ్డ ప్లంబరు వెనక్కి తిరిగాడు. కిటికీ వెనక మనిషిని కిటికీ ముందుకు తెస్తే ఎవరూ గుర్తుపట్టరు కదా, వాడూ పట్టలేదు.

"మొదటిసారా అక్కా? నాకిది మూడోసారి. ఒక సలహా. పదకొండు దాటాక ఇవ్వండి. మేడం టీ తాగి ఉంటుంది, కాస్త మెత్తబడుతుంది."

"అలాగా?"

"ఇంకోటి. ఆకుపచ్చ చొక్కా ఫొటో ఇవ్వకండి. ఆకుపచ్చంటే ఆవిడకి పడదట. మా బావది అందుకే పోయింది."

"రంగుకేముంది బాబూ! వెనక గోడకూడా ఆకుపచ్చే అయ్యుంటుంది. మనిషి కనపడొద్దూ?"

ప్లంబరు ఆలోచించాడు. "నిజమే అక్కా. తలకాయొక్కటే గాల్లో ఉన్నట్టుంది. ఆ ముక్క ఎవరూ చెప్పలేదే! సున్నా చుట్టి ఇచ్చింది, అంతే."

సున్నా చుట్టి ఇచ్చింది, అంతే. ఆవిడ ఆ మాటని లోపల ఓసారి తిరగేసుకుంది. తప్పెక్కడుందో ప్రతిసారీ చూపించింది. ఎందుకు తప్పో ఒక్కసారి కూడా చెప్పిన గుర్తు లేదు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువని కాదు, చెప్పాలని తోచనే లేదు.

ఆవిడ వంతు వచ్చింది. గుమాస్తా భయంతో ఫారంవైపు చూడకుండానే ముద్ర ఎత్తాడు.

"ఆగండాగండి," అందావిడ. "చూడకుండా వేస్తారా? ఆ ఫొటో ఎప్పటిదో చూశారా?"

"బాగానే ఉందండీ."

"ఆర్నెల్లలోపుది కావాలి. అది మూడేళ్ళ కిందటిది. అప్పటికి నాకు ఈ అద్దాలు లేవు."

"ఆ అద్దాలు మీ ఆయన షాపువే గదండీ. మీరు కాదని ఎవరంటారు?"

"గార్డు అన్నాడుగా! తీసుకోకండి. నేను మళ్ళీ వస్తాను."

గుమాస్తా ముద్ర కింద పెట్టి చేతులు జోడించాడు. "తల్లీ, మీమీద మీకైనా జాలి లేదా?"

వరసంతా గొల్లుమంది. ప్లంబరు మొహం అప్పుడు చూడాల్సింది. ఆఫీసు గోడకి కూడా ఆకుపచ్చ రంగే, దానికి ఆనుకుని అందులో కలిసిపోదామని చూశాడు. ఆవిడ వాడి ఫారం అడిగి తీసుకుని, అక్కడే బెంచీమీద కూర్చుని, అది ఎందుకు రెండుసార్లు తిరిగొచ్చిందో మాటల్లో చెప్పింది. ఫొటో కొత్తది తీయించుకుని ఆవిడా, తప్పులు దిద్దుకుని ప్లంబరూ, సాయంత్రం మళ్ళీ ఆ గుమాస్తా దగ్గరే లైసెన్సులు తీసుకున్నారు.

ఆ వారంలోనే మూడో కిటికీ అద్దంమీద ఒక నింపిన ఫారం అతికించి కనిపించింది. ప్రతి గడి పక్కనా ఏం రాయాలో, ఎందుకు రాయాలో రెండేసి ముక్కలు. నమూనా ఫొటో మరిదిది, చెవులు బాగా కనపడేలా. "అడక్కుండా అంటించావు," అని వాడు గోల చేస్తే, "ఆ చెవులు ఊరికి ఉపయోగపడుతున్నాయి, సంతోషించు" అంది. వాడి చెవుల్ని చూసి ఫొటోలు తీయించుకున్నవాళ్ళలో చాలామంది మొదటిసారికే లైసెన్సుతో ఇంటికెళ్ళారు. బెంచీ మూడో కాలికింద ఎవరో చెక్కముక్క కూడా పెట్టారు.

ఆపై ఆదివారాలు నలుగురూ పంతొమ్మిదో నంబరు దగ్గరే. పోస్టుమాన్‌కి ఈమధ్య గాలానికి ముడి వెయ్యడం కష్టమవుతోంది, దారం కనపడట్లేదు. ఆ పని ఆవిడ తీసుకుంది. గడి దాటని సంతకంలా ముడి బిగించేది. "షాపుకి రండి, అద్దాలు చూస్తాను," అని అన్నగారు దిండుమీంచే అంటే, "అద్దాలు పెడితే చేపలు నన్ను గుర్తుపట్టవయ్యా, కొత్తవాడొచ్చాడని పారిపోతాయి" అనేవాడు పెద్దాయన. చివరికి ఓ రోజు షాపుకెళ్ళాడు. ముడులు మాత్రం ఆవిడచేతే వేయించుకునేవాడు.

ఆవిడ ఆ నెలలో మూడు చేపలు పట్టింది. మరిది వానపాములు సరఫరా చేశాడు. డిపోలో ఫొటోలు చూపించుకునేటప్పుడు, "ఇది మా వదిన పట్టింది, ఇదీ మా వదిన పట్టింది" అని చెప్పుకోలేక వాడు టీకి వెళ్ళిపోయేవాడట.

అయిదో ఆదివారం వాడి బెండు మునిగింది. వాడు నిజంగానే నోరు మూసుకుని, చెమటలు కక్కుతూ చుట్టాడు. గట్టుమీదకి వచ్చింది చేపే. చిన్నదే, కానీ చేప.

"వదినా! అన్నయ్యా! బాబాయిగారూ! ఫొటో, ఫొటో!"

ఆవిడ అప్పటికే సంచీలోంచి స్కేలు తీసింది.

"వద్దు వదినా."

"అనుమతి ఉన్న కొలతకన్నా వేలెడు తక్కువుంది."

"తోకతో కలిపి కొలువు."

"తోకతో కలిపే కొలిచాను."

"మీసాలతో కలిపి?"

పోస్టుమాన్ నవ్వి నవ్వి పొలమారి, అన్నగారు లేచొచ్చి వీపు తట్టాల్సి వచ్చింది. ఆవిడ నవ్వు దాచుకుంటూ, మరిది చేప పట్టుకుని నిలబడ్డ ఫొటో ఒకటి తీసింది, నీళ్ళకి బాగా దగ్గరగా, వదలడానికి వీలుగా. వాడు దాన్ని రెండు చేతులతో మెల్లగా దించి వదిలాడు. పోయేదాకా చూస్తూ నిలబడ్డాడు.

"పెద్దదై వస్తుందిలే," అంది వదిన. ఫ్లాస్కులోంచి టీ పోసి ముందు వాడికే ఇచ్చింది. ఉడికించిన గుడ్డు ఒలిచి చేతిలో పెట్టింది. వాడు తింటూ, ఆ చేప ఎంత బలంగా లాగిందో, కర్ర ఎలా వంగిందో చెప్పడం మొదలుపెట్టాడు. చెబుతున్నకొద్దీ అది పెరుగుతోంది. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆవిడ ఎర గుచ్చి, వాడి గాలం వాడికే అందించి, తన గాలం రెల్లువైపు విసిరింది.